టీఎస్‌హెచ్ కాస్త ఎక్కువ, విటమిన్ డి తక్కువ, షుగర్ అంచున: ఈ రిపోర్టు చేతికొస్తే ఏం చేయాలి?

ఒకే రకం రిపోర్టును ఫొటో తీసి పంపేవాళ్లు ఎక్కువైపోయారు. ఆఫీసులో చేయించిన హెల్త్ చెకప్పో, ఆఫర్లో వచ్చిన ఫుల్ బాడీ ప్యాకేజీయో అయి ఉంటుంది. థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ 6 చిల్లర, విటమిన్ డి 12 లేదా 14, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 5.9, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) 190. ప్రతిదాని పక్కనా ఎర్ర గుర్తు. దాని కింద ఎప్పుడూ ఇవే ప్రశ్నలు: "థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాలా? డి వేసుకుంటే థైరాయిడ్ తగ్గుతుందా? ఇన్నాళ్లూ లావవుతున్నది థైరాయిడ్ వల్లేనా?"

వీటికి జవాబు వరుసగా ఇక్కడ రాస్తున్నాను. ఇది డాక్టరుకు బదులు కాదు. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు, వెళ్లొచ్చాక మన వైపు నుంచి చేయాల్సిన పనులు ఇవి. ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. ఈ మూడు అంకెలూ ఒకే కాగితం మీద కనబడుతున్నాయి కదా అని ఒకదాన్ని సరిచేస్తే మిగతావన్నీ సర్దుకుంటాయని అనుకోకండి. దేని పద్ధతి దానిదే. కానీ చాలామందిలో మూడింటి వెనకా ఉన్నది ఒకటే, అది నడుము చుట్టుకొలత. దాన్ని మాత్రం ఏ ల్యాబూ కొలవదు.

వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన వాళ్లు

గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు, టీఎస్‌హెచ్ 10 దాటినవాళ్లు, ఫ్రీ టీ4 (అసలు థైరాయిడ్ హార్మోను) తక్కువ వచ్చినవాళ్లు, మెడ దగ్గర వాపు ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు. వీళ్లెవరూ కింద చెప్పినట్టు రెండు మూడు నెలలు ఆగకూడదు. గర్భంలో బిడ్డకు మొదటి నెలల్లో తల్లి థైరాయిడ్ హార్మోనే ఆధారం కాబట్టి అక్కడ లెక్కలే వేరు. ఆ వారంలోనే వెళ్లండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- రిపోర్టు మొత్తం, అన్ని పేజీలూ. పాత రిపోర్టులుంటే అవి కూడా.
- దర్జీ టేపు.
- రెండు మూడు రోజుల బీపీ రీడింగులు.
- మీరు వేసుకునే ప్రతి మందు పేరు. జుట్టు రాలకుండా వేసుకునే మాత్రలు, ఆయుర్వేదం పొడులు, ప్రోటీన్ పౌడర్ కూడా రాయండి. చాలామంది "అవి మందులు కాదు కదా" అని వదిలేస్తారు.
- ఒక నోటుబుక్కు, గోడ మీద క్యాలెండరు.

1. ఇది నిజంగా "కొంచెం" థైరాయిడేనా చూసుకోండి

టీఎస్‌హెచ్ థైరాయిడ్ గ్రంథి తయారుచేసేది కాదు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దాన్ని పంపి "ఇంకాస్త పనిచెయ్యి" అని థైరాయిడ్‌ను అదిలిస్తుంది. థైరాయిడ్ నిజంగా ఎంత హార్మోను ఇస్తోందో చెప్పేది ఫ్రీ టీ4. టీఎస్‌హెచ్ పై హద్దు దాటి (చాలా ల్యాబుల్లో అది 4 నుంచి 4.5 వరకు ఉంటుంది), ఫ్రీ టీ4 మాత్రం హద్దుల్లోనే ఉంటే దాన్ని సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం అంటారు. అంటే గ్రంథికి అదిలింపు కాస్త ఎక్కువ కావాల్సి వస్తోంది, పని మాత్రం జరుగుతోంది.

చవక ప్యాకేజీల్లో టోటల్ టీ3, టోటల్ టీ4, టీఎస్‌హెచ్ మాత్రమే ఉంటాయి. ఫ్రీ టీ4 లేకపోతే రెండోసారి పరీక్షలో అడిగి చేయించుకోండి. వయసు కూడా చూసుకోవాలి. డెబ్బై దాటినవాళ్లలో టీఎస్‌హెచ్ సహజంగానే కాస్త పైకి జరుగుతుంది. మీ అమ్మగారికి 75 ఏళ్లు ఉండి 6 వచ్చిందంటే, అదే 6 ముప్పై ఏళ్ల అమ్మాయికి వచ్చినట్టు కాదు.

2. ఒక్క రిపోర్టు చూసి మాత్ర మొదలుపెట్టకండి, రెండు మూడు నెలల తర్వాత మళ్లీ చేయించండి

జనం ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. టీఎస్‌హెచ్ నిలకడగా ఉండే అంకె కాదు. రాత్రిపూట, తెల్లవారుజామున ఎక్కువగా ఉంటుంది, మధ్యాహ్నానికి తగ్గుతుంది. టిఫిన్ తిన్నాక తీసినా కాస్త తక్కువ చూపిస్తుంది. డెంగీలాంటి పెద్ద జ్వరం నుంచి కోలుకుంటున్నప్పుడు కొన్నాళ్లు పెరుగుతుంది. కొద్దిగా పెరిగిన టీఎస్‌హెచ్ చాలామందిలో ఏ మందూ లేకుండానే మామూలుకు వచ్చేస్తుంది. మొదటి రిపోర్టుకే మాత్ర మొదలుపెడితే అది తనంతట తాను తగ్గేదో కాదో ఇక తెలియదు. ఏళ్ల తరబడి మాత్ర వేసుకుంటూనే ఉంటారు.

రెండోసారి పరీక్ష ఇలా చేయించండి:

- మొదటిసారి వెళ్లిన ల్యాబుకే, దాదాపు అదే సమయానికి వెళ్లండి. పొద్దున పరగడుపున అయితే కొలెస్ట్రాల్, షుగర్ కూడా అదే రక్తంతో అయిపోతాయి.
- ఒంట్లో జ్వరం, ఇన్ఫెక్షన్ లేని రోజుల్లో చేయించండి. నైట్ డ్యూటీ నుంచి నేరుగా ల్యాబుకు వెళ్లొద్దు.
- జుట్టు, గోళ్ల కోసం బయోటిన్ వేసుకుంటుంటే పరీక్షకు కనీసం రెండు మూడు రోజుల ముందే ఆపండి. ఆ మాత్రల్లో ఉండే 5, 10 మిల్లీగ్రాముల బయోటిన్ కొన్ని యంత్రాలను తప్పుదారి పట్టించి టీఎస్‌హెచ్‌ను లేనిపోని తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపిస్తుంది. మాత్రలు వేసుకుంటున్న సంగతి ల్యాబులో కూడా చెప్పండి.
- ఫ్రీ టీ4తో పాటు యాంటీ టీపీఓ పరీక్ష (థైరాయిడ్ మీద మన ఒళ్లే దాడి చేసే యాంటీబాడీలు ఉన్నాయా అని చూసేది) ఒక్కసారి చేయించండి. దాన్ని ప్రతిసారీ చేయించి డబ్బులు పోసుకోనక్కర్లేదు.
- లిథియం (మానసిక సమస్యలకు వాడేది), అమియోడరోన్ (గుండె లయకు వాడేది) లాంటి మందులు వాడుతుంటే డాక్టరుకు గుర్తుచేయండి. సొంతంగా మాత్రం ఆపొద్దు.

3. ఈలోగా నడుము కొలవండి

టేపు పెట్టాల్సింది ప్యాంటు బెల్టు దగ్గరా కాదు, చీర కుచ్చిళ్లు దోపుకునే చోటా కాదు. పక్క నుంచి తడిమితే అన్నిటికన్నా కింది పక్కటెముక తగులుతుంది, ఇంకా కిందికి వస్తే తుంటి ఎముక పైఅంచు తగులుతుంది. ఆ రెంటికీ సరిగ్గా మధ్యలో, బట్ట మీద కాకుండా ఒంటి మీద టేపు చుట్టండి. మామూలుగా గాలి వదిలి చూడండి. పొట్ట లోపలికి లాక్కుంటే కొలిచి లాభం లేదు.

మనలాంటి దక్షిణాసియా వాళ్లకు హద్దులు ఇవి: మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80. ఇప్పుడు ఈ ఐదింటిలో మీకు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి:

- నడుము పైన చెప్పిన హద్దుకు చేరడం లేదా దాటడం
- ట్రైగ్లిజరైడ్లు 150 లేదా పైన
- మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ మగవాళ్లలో 40, ఆడవాళ్లలో 50 కన్నా తక్కువ
- బీపీ 130/85 లేదా పైన (రెంటిలో ఏ ఒక్కటి దాటినా సరే)
- పరగడుపు షుగర్ 100 లేదా పైన

బీపీకో, షుగర్‌కో, ట్రైగ్లిజరైడ్లకో ఇప్పటికే మందు వాడుతుంటే రీడింగు బాగున్నా దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. మూడు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నట్టే. అప్పుడు మీ ఆరోగ్యానికి పెద్ద ముప్పు టీఎస్‌హెచ్ 6 కాదు, ఇదే. చాలామంది థైరాయిడ్ గురించి టెన్షన్ పడుతూ దీన్ని పట్టించుకోకుండా వదిలేస్తున్నారు. నా బాధ అదే.

హెచ్‌బీఏ1సీ విషయంలో ఒక జాగ్రత్త. 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్ అంటారు. కానీ ఐరన్ తక్కువై రక్తహీనత ఉన్నవాళ్లలో ఈ అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపించగలదు. థైరాయిడ్ బాగా తగ్గినవాళ్లలోనూ అంతే. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత మామూలో చెప్పక్కర్లేదు. హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే పరగడుపు షుగర్, తిన్నాక రెండు గంటల షుగర్ చూడకుండా ఏ నిర్ణయానికీ రావద్దు.

4. ఏది దేనివల్ల వచ్చిందో తలకిందులుగా అనుకోకండి

థైరాయిడ్ బాగా తగ్గిపోతే చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ పెరుగుతుంది. రక్తంలోంచి దాన్ని లాగేసే పని కాలేయంలో మందగిస్తుంది. అందుకే కొలెస్ట్రాల్ మాత్ర రాసే ముందు డాక్టరు టీఎస్‌హెచ్ అడుగుతారు. థైరాయిడ్ తక్కువని తెలియకుండా ఆ మాత్ర (స్టాటిన్) మొదలుపెడితే కండరాల నొప్పులు వచ్చే అవకాశం కూడా ఎక్కువ.

కానీ బరువు విషయంలో జరిగేది చాలాసార్లు ఇంకో వైపు నుంచి. ఒంట్లో కొవ్వు పెరిగితే టీఎస్‌హెచ్ కాస్త పైకి వెళుతుంది, బరువు తగ్గితే కిందికి వస్తుంది. అదే కొవ్వు విటమిన్ డి ని తనలో దాచుకుంటుంది కాబట్టి రక్తంలో డి తక్కువగా కనిపిస్తుంది. షుగర్, ట్రైగ్లిజరైడ్లు సరేసరి. థైరాయిడ్ పూర్తిగా మందగించినవాళ్లలో కూడా దానివల్ల పెరిగే బరువు మామూలుగా కొద్ది కిలోలే, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పు, నీరు. టీఎస్‌హెచ్ 6 వల్ల పదిహేను కిలోలు పెరగరు.

మరి డి వేసుకుంటే థైరాయిడ్, షుగర్ తగ్గుతాయా? డి తక్కువ ఉన్నవాళ్లలో ఈ సమస్యలు ఎక్కువగా కనిపిస్తాయన్నది నిజం. అయితే ఆ లోటు తీర్చినంత మాత్రాన సమస్య పోతుందని తేలలేదు. అమెరికాలో ప్రీడయాబెటిస్ ఉన్న 2,423 మందిలో కొందరికి రోజుకు 4,000 యూనిట్ల డి, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి రెండున్నరేళ్లు గమనించారు. ఫలితాలు 2019లో వచ్చాయి. షుగర్ వ్యాధి రావడంలో నమ్మదగినంత తేడా కనబడలేదు. టీపీఓ యాంటీబాడీలు డి తో కొంత తగ్గాయని కొన్ని చిన్న అధ్యయనాలు చెప్పాయి. అంతమాత్రాన థైరాయిడ్ మాత్ర మానేయొచ్చని కాదు. డి లోటును ఎముకల కోసం, కండరాల కోసం తీర్చుకోండి. అది చాలు.

5. విటమిన్ డి లోటు తీర్చుకోవడం

ముందు రిపోర్టులో పరీక్ష పేరు చూడండి. 25 హైడ్రాక్సీ విటమిన్ డి అని ఉండాలి. 1,25 డైహైడ్రాక్సీ అనేది వేరే పరీక్ష, లోటు తెలుసుకోవడానికి పనికిరాదు. యూనిట్లు కూడా చూసుకోండి. విదేశాల్లో ఉన్న మనవాళ్లకు నానోమోల్స్‌లో వస్తుంది, దాన్ని రెండున్నరతో భాగిస్తే ఇక్కడి నానోగ్రాముల లెక్క వస్తుంది. అక్కడి 50, ఇక్కడి 20 ఒకటే. 20 కన్నా తక్కువైతే లోటు అనుకోవచ్చు. 20 నుంచి 30 మధ్య ఉంటే నిపుణుల్లోనే ఏకాభిప్రాయం లేదు. 24 వచ్చిందని నిద్ర పాడుచేసుకోకండి.

లోటుకు మన దగ్గర సాధారణంగా రాసేది 60,000 యూనిట్ల సాచెట్ లేదా క్యాప్సూల్, వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు. తర్వాత నెలకొకటి. కిడ్నీలో రాళ్లు, కిడ్నీ జబ్బు, రక్తంలో కాల్షియం ఎక్కువ, సార్కాయిడోసిస్ (ఊపిరితిత్తుల్లాంటి చోట్ల చిన్న గడ్డలు కట్టే జబ్బు) ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా మొదలుపెట్టకూడదు.

ఇది వారానికి ఒకటి. రోజూ కాదు. మా పిన్ని చీటీ సరిగ్గా చూడక ఐదు రోజుల్లో ఐదు సాచెట్లు పాలల్లో కలుపుకుని తాగేసింది. చెత్తబుట్టలో ఖాళీ కవర్లు కనబడితే విషయం తెలిసింది. కాల్షియం పరీక్ష చేయిస్తే బాగానే ఉంది, అక్కడితో ఆపించాం. అదే నెలలు సాగి ఉంటే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల దాకా వచ్చేది. విపరీతమైన దాహం, మలబద్ధకం, వాంతులు, మతిస్థిమితం తప్పినట్టుండడం దీని గుర్తులు. అప్పటి నుంచి మా ఇంట్లో సాచెట్లన్నీ ముందే క్యాలెండరులో ఆదివారాల గడులకు పిన్ను కొట్టేస్తాం. ఆ వారం కవరు లేదంటే వేసుకున్నట్టే. మీరూ ఈ పని చేయండి.

వేసుకునేది మధ్యాహ్నం భోజనం తర్వాత. కొవ్వులో కరిగే విటమిన్ కాబట్టి కాస్త నెయ్యో నూనెయో ఉన్న భోజనంతో బాగా ఒంటికి పడుతుంది. 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్ "ఒక్కసారితో అయిపోతుంది" అని ఎవరైనా అన్నా, డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప వద్దు.

ఇక ఎండ. లేత ఎండ మంచిదని పెద్దలు చెబుతారు, పొద్దున్నే నడవడం మంచిదే. అయితే డి కోసం మాత్రం ఆ ఎండ సరిపోదు. మీ నీడ మీకన్నా పొట్టిగా ఉన్న వేళే చర్మం డి తయారుచేయగలిగేది. మన దగ్గర సుమారు పది నుంచి మూడు వరకు. చేతులు, కాళ్లు కనబడేలా పదిహేను నుంచి ముప్పై నిమిషాలు, చర్మం మండకముందే నీడలోకి వచ్చేయాలి. రోహిణి కార్తె ఎండల్లో మధ్యాహ్నం నిలబడమని నేను చెప్పను. వేసవిలో నీడ పొట్టి కాగానే, పది లోపే కానిచ్చేయండి, మిగతాది మాత్రకు వదిలేయండి. కిటికీ అద్దం వెనక, కారులో కూర్చుంటే డి రాదు, ఆ కిరణాలను అద్దం ఆపేస్తుంది.

తిండిలో చేపలు, గుడ్డు పచ్చసొనలో కొంత ఉంటుంది. పాల ప్యాకెట్ మీద నీలం రంగు ప్లస్ ఎఫ్ గుర్తు ఉంటే వాటిలో డి కలిపినట్టు. వీటితో లోటు రాకుండా చూసుకోవచ్చు. వచ్చిన లోటు తీరడం కష్టం.

6. నడుము తగ్గించే పని

ఇక్కడ కొత్త విషయం లేదు కానీ ఫలితం ఎక్కువ. చెన్నైలో ప్రీడయాబెటిస్ ఉన్న భారతీయుల మీద జరిగిన అధ్యయనం 2006లో వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగర్ వ్యాధి రావడం 28.5 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకున్నవాళ్లలో 26.4 శాతం.

కంచంలో అన్నం ఇప్పుడు తినేదాంట్లో మూడో వంతు తీసేసి, ఆ చోట పప్పు, గుడ్డు, కూర పెంచండి. ముందు కూర, పప్పు తిని అన్నం తర్వాత తినండి. రాత్రి భోజనం అయ్యాక పదిహేను నిమిషాలు నడవండి. వారానికి మొత్తం 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండరాలకు పని ఉండాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, మూడు విడతలు చేసినా మొదలుపెట్టినట్టే. ఆరు నెలల్లో ఉన్న బరువులో 5 నుంచి 7 శాతం తగ్గడం సరైన లక్ష్యం. 80 కిలోల వాళ్లకు అది నాలుగు నుంచి ఐదున్నర కిలోలు.

థైరాయిడ్ అనగానే క్యాబేజీ, కాలీఫ్లవర్ మానేసేవాళ్లున్నారు. వండుకుని మామూలుగా తింటే ఏమీ కాదు, ఆపొద్దు. ఉప్పు విషయంలో మాత్రం జాగ్రత్త. ఆరోగ్యం కోసమని సైంధవ లవణానికి పూర్తిగా మారిపోయేవాళ్లకు అయోడిన్ సరిగా అందదు. అయోడైజ్డ్ ఉప్పే వాడండి, తక్కువగా వాడండి. అలాగని అయోడిన్ చుక్కలు, సముద్రపు నాచు మాత్రలు కొనొద్దు. టీపీఓ యాంటీబాడీలు ఉన్నవాళ్లకు అవి చేటు చేయగలవు.

7. రెండో రిపోర్టు వచ్చాక

టీఎస్‌హెచ్ మామూలుకు వస్తే మాత్ర అక్కర్లేదు. ఏడాదికి ఒకసారి చూసుకుంటే చాలు.

పై హద్దుకూ 10కీ మధ్యే ఉండి, టీపీఓ లేకపోతే ఆరు నెలల నుంచి ఏడాదికోసారి పరీక్ష. టీపీఓ ఉంటే తప్పకుండా కనిపెట్టుకుని ఉండాలి. ఇంగ్లండులోని విక్‌హామ్‌లో జనాన్ని ఇరవై ఏళ్లు గమనించారు. టీఎస్‌హెచ్ పెరిగి యాంటీబాడీలు కూడా ఉన్న ఆడవాళ్లలో ఏటా నూటికి సుమారు నలుగురు పూర్తి థైరాయిడ్ లోపంలోకి వెళ్లారు. అంటే ఎక్కువమంది ఆ ఏడాది వెళ్లలేదన్నమాటే. భయం వద్దు, పరీక్ష మాత్రం తప్పించొద్దు.

10 దాటి అలాగే ఉంటే సాధారణంగా మాత్ర రాస్తారు. 10 లోపు ఉండి నీరసం, చలి, మలబద్ధకం బాగా ఉంటే, వయసు అరవై ఐదు లోపు అయితే, కొన్ని నెలలు మాత్ర వేసి చూద్దామా అని డాక్టరును అడగొచ్చు. తేడా కనబడకపోతే ఎప్పుడు ఆపాలో కూడా ఆ రోజే మాట్లాడుకోండి. అరవై ఐదు దాటినవాళ్లలో 737 మందితో జరిగిన ట్రస్ట్ అధ్యయనంలో మాత్ర వల్ల నీరసంలో గానీ, ఇతర థైరాయిడ్ లక్షణాల్లో గానీ మేలు కనబడలేదు. ఇది 2017 నాటి మాట. పెద్దవాళ్లకు మోతాదు ఎక్కువైతే గుండె దడ, ఎముకలు గుల్లబారడం అనే ఇబ్బందులున్నాయి.

8. మాత్ర రాస్తే వేసుకునే తీరు

పొద్దున లేవగానే, ఉత్త నీళ్లతో, కాఫీ టీలకు కనీసం అరగంట ముందు. గంట అయితే మరీ మంచిది. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. డి తో పాటు కాల్షియం కూడా రాస్తారు కాబట్టి ఇక్కడే చాలామందికి దెబ్బతింటుంది. మూడూ కలిపి పొద్దున్నే మింగేసి, టీఎస్‌హెచ్ తగ్గడం లేదని మోతాదు పెంచించుకుంటారు. థైరాయిడ్ పొద్దున్నే, కాల్షియం మధ్యాహ్నం, ఐరన్ రాత్రి అని విడగొట్టండి.

కంపెనీ మారిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ చూడాలి. మొదలుపెట్టినా, మోతాదు మార్చినా ఇదే గడువు. పదిహేను రోజులకే చూస్తే అంకె ఇంకా కుదురుకోదు. పరీక్ష రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోండి. దడ, చేతులు వణకడం, నిద్రపట్టకపోవడం, టీఎస్‌హెచ్ 0.4 కన్నా కిందికి పోవడం ఉంటే మోతాదు ఎక్కువైనట్టు.

9. సరిగ్గా సాగుతోందా అని చూసుకోవడం

మూడు నెలలకు: విటమిన్ డి 20 దాటాలి, 30 దగ్గరికి వస్తే ఇంకా మంచిది. 100 దాటితే సాచెట్లు ఆపి డాక్టరుకు చూపించండి. ట్రైగ్లిజరైడ్లు అన్నిటికన్నా ముందు కదులుతాయి. నడుము రెండు మూడు సెంటీమీటర్లు తగ్గినా రక్తంలో తేడా కనబడుతుంది. హెచ్‌బీఏ1సీ మూడు నెలల సగటు కాబట్టి అంతకన్నా ముందు చేయించడం దండగ.

ఆరు నెలలకు: అన్ని అంకెలూ పాత రిపోర్టు పక్కన ఒకే పేజీలో రాసుకోండి. డి పెరిగి, మిగతావి కదలకపోతే ఆశ్చర్యపోకండి, డి చేసే పని అది కాదు. నడుము తగ్గి టీఎస్‌హెచ్ కూడా తగ్గితే దాని కారణం తెలిసిపోయినట్టే. నడుము తగ్గినా టీఎస్‌హెచ్ మెట్టు మెట్టుగా పైకే వెళుతుంటే అది గ్రంథి సమస్య. టీపీఓ రిపోర్టు, ఈ పేజీ తీసుకుని ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల డాక్టరును) కలవండి.